శిక్ష తీరినవానికి పని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



అనకాపల్లి బెల్లపు బజారులో పనికి వచ్చినవానిని సాధారణముగా దరఖాస్తు అడుగరు. "ఎవరి మనిషివి?" అని అడుగుదురు. దిమ్మలు దించు కళాసీకైనను, తూకము వద్ద నిలుచు కొలగారికైనను, కమీషను దుకాణములో పద్దులు వ్రాయు గుమాస్తాకైనను ఎవరో ఒకరి మాటయే యోగ్యతాపత్రము. ఫలానావారి మేనల్లుడు, ఫలానా ఊరి కుర్రవాడు అని చెప్పు పెద్దమనిషి ఒకడు వెంట నున్నచో చాలును, మరునాడు తెల్లవారుసరికి పనిలో చేరవచ్చును. ఈ పద్ధతిలో ఒక మేలు కలదు: చదువు లేనివానికి సైతము కూలి దొరకును. ఒక కీడును కలదు: మాట చెప్పువాడు లేనివానికి ఆ వాకిలి తెరువబడదు. కారాగారమునుండి తిరిగివచ్చినవాడు మొట్టమొదట పోగొట్టుకొనునది ఆ మాట చెప్పువానినే. అన్నదమ్ములు తలుపు తీయుదురు, తల్లి అన్నము పెట్టును, కాని బజారుకు వెంట వచ్చి "వీడు మావాడు, నాది పూచీ" అనుటకు ఎవ్వరికిని నోరు రాదు.

రెండవ వాకిలి ఇటీవలది. పరవాడలోని ఔషధ పరిశ్రమలు, అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలిలోని కర్మాగారములు, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైన పిదప వెలసిన కార్యాలయములు: వీనిలో మనిషి మాట చాలదు, కాగితము కావలెను. ఆధారు కార్డు, చదువు పత్రములు, అనేక చోట్ల వానితోపాటు పోలీసువారి పరిశీలన. ప్రభుత్వోద్యోగమైనచో పూర్వచరిత్రను గూర్చిన నమూనా పత్రమొకటి నింపవలెను. అందు ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఎప్పుడైనను నిర్బంధింపబడితిరా? మీపై అభియోగము మోపబడినదా? జరిమానా పడినదా? శిక్ష పడినదా? ఏ న్యాయస్థానములోనైనను కేసు నడచుచున్నదా? క్రింద ఒక హెచ్చరిక: తప్పు వ్రాసినను, నిజము దాచినను ఉద్యోగమునకు అనర్హులగుదురు.

ఈ ప్రశ్నల వరుసను కొంచెము నిదానించి చూడవలెను. మొదటి ప్రశ్న నేరము చేసితివా అని కాదు, పట్టుబడితివా అని. 2022 డిసెంబరు చివరనాటికి ఈ దేశపు కారాగారములలో 5,73,220 మంది ఉండిరి. వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్న ఖైదీలు. అనగా నలుగురిలో ముగ్గురికి ఇంకను నేరము ఋజువు కాలేదు. వారిలో కొందరికి శిక్ష పడును, కొందరిపై కేసు కొట్టివేయబడును. కాని నిర్బంధింపబడితిరా అను ప్రశ్నకు మాత్రము అందరి జవాబు ఒక్కటియే. న్యాయాధిపతి నిర్దోషి యని విడిచిపుచ్చినవాడును, నేరము చేసి శిక్ష అనుభవించినవాడును ఆ గడిలో ఒకే మాట వ్రాయవలసినవారే.

ఇట్టి గ్రంథాలయములలో ప్రొద్దుటిపూట పత్రికల బల్ల చుట్టును చేరువారిలో సగము మంది ఉద్యోగ ప్రకటనలు చూచుటకు వచ్చు యువకులే. వారిలో ఒకనిని ఊహించుడు. పంతొమ్మిదేండ్ల వయస్సులో ఊరి జాతరలో జరిగిన కొట్లాటలో పేరు ఎక్కినది. మూడేండ్లకు ఇరుపక్షములు రాజీపడినవి, కేసు పోయినది. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షలో నెగ్గి ఆ నమూనా ముందు కూర్చుండెను. నిజము వ్రాసినచో ఉద్యోగము రాదేమో అని భయము. వ్రాయకున్నచో ఉద్యోగము నేడు వచ్చును, తెలిసిన నాడు పోవును. ప్రక్కన కూర్చున్న స్నేహితుడు "లేదు అని వ్రాయుము, ఎవరు చూచెదరు" అనును. నిజము చెప్పినవానికి వెంటనే నష్టము, అబద్ధమాడినవానికి కొంతకాలమైనను జీతము. ఒక ప్రశ్న ఈ విధముగా అమర్చబడియున్నచో, అడుగువారు కోరినది సత్యమే అయినను, అది నేర్పునది అబద్ధమే. నిజము చెప్పినవానికి అబద్ధమాడినవానికంటె ఎక్కువ శిక్ష పడు ఏర్పాటు ఏదైనను సరే, దానిని దిద్దవలెను.

దాదాపు ఇట్టి కథయే సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ పనికి 1999లో దరఖాస్తు పెట్టిన ఒక యువకుడు, అంతకుముందు తనపై నడచి రాజీతో ముగిసిన కొట్లాట కేసును దరఖాస్తులో చెప్పలేదు. ఎంపికయిన పిదప నింపిన పత్రములో చెప్పెను. శాఖవారు అతని ఎంపికను రద్దు చేయదలచిరి. 2011 మార్చి 17న న్యాయస్థానము యువకుని పక్షమున తీర్పు చెప్పెను. కుర్రతనమున జరిగిన చిన్న తప్పునకు జీవితమంతయు ముద్ర వేయరాదని న్యాయమూర్తి మార్కండేయ కట్జూ భావము. ఆ సందర్భమున ఆయన విక్టర్ హ్యూగో నవలలోని జా వల్జాను స్మరించెను.

ఆ నవల తెలుగువారికి కొత్తది కాదు. 1950లో చిత్తూరు నాగయ్య ముఖ్యపాత్ర ధరించిన "బీదలపాట్లు" చలనచిత్రము దాని ఆధారముగా వచ్చినదే. రొట్టె దొంగిలించి పంతొమ్మిదేండ్లు ఖైదులో మగ్గినవాడు విడుదలయి వచ్చునప్పుడు అతని చేతికి పసుపుపచ్చని అనుమతిపత్రము ఒకటి ఇత్తురు. పూటకూటి ఇంటికి పోయినను, కూలికి పోయినను ముందు ఆ పత్రము చూపవలెను. చూచినవారెల్ల వాకిలి మూయుదురు. ఆ పత్రము లేని ఊరికి పోయి, పేరు మార్చుకొన్న పిదప మాత్రమే అతడు నలుగురికి పని కల్పించు పెద్దమనిషి కాగలిగెను. హ్యూగో ఆ భాగమును వ్రాసినది ఫ్రాన్సు దేశపు ఒక శతాబ్దమును గూర్చి. అది అనకాపల్లి పాఠకునకు సులభముగా బోధపడుటయే విచారకరము.

2011 తీర్పుతో సంగతి తేలిపోలేదు. వేరువేరు ధర్మాసనములు వేరువేరు విధముల చెప్పుచుండగా, 2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము సూత్రములను కూర్చెను. చిన్న వయస్సులో నినాదములు చేయుట వంటి స్వల్ప విషయమును దాచినవానిని యజమాని క్షమింపవచ్చును. ఘోరమైన నేరమును, అనేక కేసులను బుద్ధిపూర్వకముగా దాచినవానిని తొలగింపవచ్చును. ప్రశ్న స్పష్టముగా అడుగబడినదా లేదా అని చూడవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని నిజము చెప్పినవాని మాట ఏమి? నిజము చెప్పినవాని పూర్వచరిత్రను సైతము యజమాని పరిశీలింపవచ్చును, అతనికి ఉద్యోగము ఇచ్చి తీరవలెనను నిర్బంధము లేదు అని ఆ తీర్పే చెప్పుచున్నది. యువకునకు దక్కినది హక్కు కాదు, అధికారి విచక్షణ. విచక్షణ మంచివాని చేతిలో దయ, పిరికివాని చేతిలో తిరస్కారము.

చట్టములో ఊరట బొత్తిగా లేదనుట సరి కాదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టము కింద, శిక్ష వేయక మందలించి గాని, సత్ప్రవర్తన పూచీకత్తుపై గాని విడిచిపెట్టబడినవానికి ఆ నేరనిర్ణయము వలన కలుగు అనర్హత అంటరాదని 12వ సెక్షను చెప్పుచున్నది. ఐతే అప్పటికే ఉద్యోగములో ఉన్నవాని నడతను శాఖవారు విచారించుటకు ఇది అడ్డు కాదని న్యాయస్థానములు వ్యాఖ్యానించినవి. 2015 నాటి బాలన్యాయ చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. పదునెనిమిదేండ్లు నిండకముందు తప్పు చేసినవానికి, పెద్దవానిగా విచారింపబడిన పదునారేండ్లు దాటిన కొందరికి తప్ప, ఆ తప్పు వలన అనర్హత లేదు. గడువు తీరిన పిదప ఆ కాగితములను నాశనము చేయవలెనని కూడ 24వ సెక్షను. బాలుని కాగితము చినుగును. ఇరువది యేండ్లవాని కాగితమునకు మాత్రము అంతము లేదు. ఇంగ్లండులో 1974 నాటి చట్టము ప్రకారము పలువిధములైన శిక్షలకు కొంత కాలము గడచినంతనే "కాలము చెల్లినది" అను స్థితి వచ్చును, సామాన్యమైన ఉద్యోగములకు దానిని చెప్పనక్కరలేదు. అమెరికాలో హవాయి రాష్ట్రము 1998లోనే, అభ్యర్థికి ఉద్యోగము ఇవ్వజూపిన పిదపనే ఈ ప్రశ్న వేయవలెనని శాసించినది. ఈ దేశములో పెద్దలకు అట్టి సామాన్య చట్టము లేదు.

ముద్ర వేసి పని ఇచ్చుట, ముద్ర చెరిపి పని ఇచ్చుట, ఈ రెంటికిని గల భేదము తెలుగుదేశములో తెలిసినంత స్పష్టముగా మరెక్కడను తెలియలేదు. అందులకు బాపట్ల, చీరాలల మధ్యనున్న స్టువర్టుపురము చరిత్ర చూడవలెను.

ఎరుకలవారు పూర్వము దొంగలని పేరు పొందినవారు కారు. సముద్రతీరపు ఉప్పును గాడిదలమీదను, ఎడ్లమీదను మెట్టసీమలకు చేర్చి, అచ్చటి ధాన్యమును తీరమునకు తెచ్చి అమ్ముకొను వర్తకులు వారిలో అనేకులు. పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు వచ్చినవి. ఉప్పుపై ప్రభుత్వ నిర్బంధములు బిగిసినవి. 1876–78 నాటి ధాత కరవు వచ్చినది. పశువులు చచ్చినవి, బేరము పోయినది. మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రచురించిన గ్రంథములో ఈ క్రమమును దస్తావేజులతో నిరూపించిరి. మొదట పోయినది జీవనోపాధి, నేరస్థులను పేరు దాని తరువాత వచ్చినది. ఈ వరుసను మరచినవారే తక్కిన కథను తలక్రిందులుగా చెప్పుదురు.

1871లో ఉత్తర హిందూస్థానమునకై చేయబడిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపజేయబడెను. ఆ చట్టము కింద ఒక మనిషి ఏమి చేసెనని విచారింప నక్కరలేదు. ఏ కులమున పుట్టెనో చూచిన చాలును. వ్రేలిముద్రలు తీసికొందురు. హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు పలుకవలెను. ఊరు దాటవలెనన్నచో చీటి కావలెను. 1913లో సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంఘము ఆధ్వర్యమున ఎరుకలవారికై ఒక సెటిల్‌మెంటు వెలసెను. మద్రాసు ప్రభుత్వములో హోం శాఖ చూచిన హెరాల్డ్ స్టువర్ట్ పేర దానికి స్టువర్టుపురమని పేరు పెట్టిరి. కొందరికి భూములు ఇచ్చిరి. చీరాలలో పొగాకు కర్మాగారము పెట్టిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీలో అనేకులకు కూలిపని దొరకెను.

ఇది మేలు కాదా అని అడుగవచ్చును. పని లేనివానికి పని దొరకినది, పిల్లలకు బడి దొరకినది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని ఆ కూలివాడు కంపెనీతో కూలి బేరమాడలేడు, నచ్చకున్నచో విడిచి వేరొక ఊరికి పోలేడు. పోయినచో చట్టము పట్టి తెచ్చును. విడిచిపోవు స్వేచ్ఛ లేని పనికి ఉపాధి యను పేరు తగదు. అది కాపలాలో చేయు చాకిరి. యజమానికి మాత్రము ఇంతకంటె అనుకూలమైన కూలివాడు దొరకడు. నేటికిని, శిక్ష తీరి వచ్చినవానికి పని ఇచ్చి "నీకు ఇంకెవ్వరు ఇత్తురు" అను ధైర్యముతో సగము కూలి చేతిలో పెట్టువారు లేకపోలేదు. వారు స్టువర్టుపురపు పాత పద్ధతినే తమకు తెలియకయే నడపుచున్నారు.

ఆ చట్టముపై పోరాడినవారిలో నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు అగ్రగణ్యులు. మద్రాసు రాష్ట్రములో 1947లో చట్టము రద్దయ్యెను. 1949లో మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా ఏర్పడిన సంఘము దేశమంతట రద్దు చేయవలెనని సిఫారసు చేసెను. 1952 ఆగస్టు 31న అది జరిగెను. విముక్త జాతులను పేరు అప్పటినుండి వచ్చినదే. కాని విముక్తి కాగితముమీద జరిగినంత త్వరగా జనుల నాలుకమీద జరుగలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటుపడిన నేరస్థుల చట్టము వచ్చెను. ఆ పదము 2024 వరకు కారాగార నియమావళులలో కొన్నింట విముక్త జాతులతో ముడిపడియే యుండెను. 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసి, ఖైదీలకు కులమును బట్టి పని పంచుట సైతము చెల్లదనెను. 1952కును 2024కును మధ్య డెబ్బదిరెండేండ్లు.

1970ల దశకములో గోరాగారి కుమారుడు లవణంగారును, ఆయన భార్య, మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతగారును స్టువర్టుపురములో అడుగు పెట్టిరి. వారు స్థాపించిన సంస్థ పేరు సంస్కార్. వారు కాపలా పెట్టలేదు, హాజరు పిలువలేదు. ఇండ్లలోనికి పోయి కూర్చుండి మాటలాడిరి, బిడ్డల చదువులను గూర్చి పట్టుపట్టిరి. ఆ కుటుంబముల పక్షమున పోలీసువారితోను, అధికారులతోను మాట చెప్పిరి. బెల్లపు బజారులో "వీడు మావాడు" అను పెద్దమనిషి చేయు పనినే ఆ దంపతులు ఒక ఊరంతటి కొరకు చేసిరి. వారి కృషికి ఫలితము లేకపోలేదు. ఐనను ఊరి పేరును వదలని ముద్రను చలనచిత్రములు మరల మరల అచ్చు వేసినవి. 1991లోను అట్టి చిత్రములు వచ్చెను, 2023లోను వచ్చెను. ఆ ఊరి కుర్రవాడు ఉద్యోగమునకు పోయి స్వగ్రామము చెప్పునప్పుడు ఎదుటివాని ముఖము మారుట ఎవ్వరి కల్పనయు కాదు.

ఇంతదూరము పోయి చరిత్ర వెదకుట దేనికనగా, అట్టి ముద్ర ఇప్పుడు అనకాపల్లికి ఎగువనున్న మన్యముమీద పడుచున్నది.

మన్యమునకు కారాగారము కొత్త కాదు. 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటములో ఆయన కుడిభుజములుగా నిలిచిన గాం సోదరులలో మల్లుదొర పట్టుబడి అండమాను కారాగారమున మగ్గెను. ఆ మల్లుదొరనే 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణమునుండి ప్రజలు లోక్‌సభకు పంపిరి. రాజద్రోహపు ఖైదీ వేరు, దొంగసరకు మోసిన ఖైదీ వేరు అనవచ్చును. నిజమే, రెండును ఒకటి కావు. కాని కారాగారమునుండి వచ్చినవానిని చూచు చూపు చట్టమునకు లోబడినది కాదనియు, జనులు తలచుకొన్నచో మార్చుకొనదగినదే అనియు మల్లుదొర ఎన్నిక సాక్ష్యము చెప్పుచున్నది.

నేటి మన్యపు కేసులు గంజాయి కేసులు. 2021 చివర ప్రభుత్వము పరివర్తన అను పేర కొండలలోని గంజాయి తోటలను నరికించెను. సరకు మాత్రము అప్పటికిని, తరువాతను రోడ్డెక్కుచునే యున్నది. నర్సీపట్నము మీదుగా అనకాపల్లి జాతీయ రహదారికి చేరు దారి అందరికి తెలిసినదే. పట్టుబడువారిలో మూట మోసిన కుర్రవాడు, ఆటో తోలినవాడు, ముందు మోటారుసైకిలుపై దారి చూపినవాడు ఎక్కువ. పెట్టుబడి పెట్టినవాడు తక్కువ. కొన్ని వేల రూపాయలకు ఆశపడి ఇరువది కిలోలకు మించిన మూట మోసినవానిపై 1985 నాటి మత్తుపదార్థముల చట్టము ప్రకారము నేరము ఋజువైనచో తక్కువలో తక్కువ శిక్ష పదేండ్లు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకుట మిక్కిలి కష్టము. పైన చెప్పిన ప్రొబేషన్ చట్టపు ఊరట పదునెనిమిదేండ్లు దాటి మూట మోసినవానికి వర్తింపదు, 33వ సెక్షను ఆ తలుపు మూసినది. అనగా ఇరువదియొక యేట లోనికి పోయినవాడు ముప్పదియొక యేట వెలుపలికి వచ్చును. పెండ్లి కాలేదు, పొలము ఎవరో దున్నుకొనుచున్నారు, పని నేర్వవలసిన వయస్సు గోడల వెనుక గడచినది. అతడు బస్సు దిగి మొదట చూచునది అనకాపల్లియే. అచ్చట బజారులో పూచీ లేదు, కర్మాగారములో నడత పత్రము లేదు. అతనిని ఆదరముతో పలుకరించుటకు సిద్ధముగా ఉండు యజమాని ఒక్కడే: పూర్వము మూట ఇచ్చినవాడు. ఆ యజమాని నమూనా పత్రమేదియు అడుగడు.

యజమానుల భయమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. దుకాణమునకు డబ్బు పెట్టినవాడు, రేపు సొమ్ము పోయినచో తన భార్యకు, భాగస్వామికి జవాబు చెప్పుకొనవలసినవాడు. తోటి పనివారు "వాని ప్రక్కన మేము చేయము" అనవచ్చును. పసిపిల్లలపై అత్యాచారము చేసినవానిని బడిలో కాపలావానిగా పెట్టుమని ఏ వివేకియు చెప్పడు. సంఘపు సొమ్ము కాజేసినవానికి వెంటనే ఖజానా తాళము ఇమ్మని అడుగుటయు తగదు. కాని మూట మోసిన నేరమునకును మగ్గముపై బట్ట నేయుటకును సంబంధమేమి? పదునైదేండ్లనాటి జాతర కొట్లాటకును మందుల కర్మాగారములో పెట్టెలు కట్టుటకును సంబంధమేమి? ఆ పని, ఆ నేరము, నడుమ గడచిన కాలము: ఈ మూడింటిని ఎదుటపెట్టుకొని చూచువాడు చాల సందర్భములలో నిర్భయముగా పని ఇయ్యగలడు. ఆ ప్రశ్న వేయు వేళ మరింత ముఖ్యము. మొదటి గడిలోనే అడిగినచో మనిషిని చూడకయే కాగితము బుట్టలో పడును. చేతిపని చూచి, మాట విని, పనికి తగునని నిశ్చయించుకొన్న పిదప అడిగినచో, వినువాని ఎదుట ఒక మనిషి కూర్చుండియుండును.

ప్రభుత్వమే ఒక పరీక్ష చేసి చూపినది. తెలంగాణ కారాగార శాఖవారు పెట్రోలు బంకులు పెట్టి, శిక్ష అనుభవించుచున్న ఖైదీలను, విడుదలయినవారిని వానిలో పనికి నియమించిరి. పెట్రోలు బంకనగా దినమంతయు నగదు చేతులు మారు చోటు. పగలు తెరచియుండు ఆ బంకులో ఖైదీ చేతికి నోట్లు ఇచ్చి చిల్లర పుచ్చుకొన్న మోటారువాడు, అదే మనిషి విడుదలయి తన దుకాణమునకు వచ్చినప్పుడు మాత్రము ఏల జంకవలెను? కారాగారములలో వడ్రంగము, నేత, రొట్టెల తయారీ నేర్పుదురు. నేర్చినవాడు వెలుపలికి వచ్చి, ఎచ్చట నేర్చితివని అడిగినచో తల వంచుకొనును. నేర్పిన చోటు చెప్పుకొనరాని విద్య ఎంత చక్కనిదైనను సగము విద్యయే.

ఇక ఊరివారు చేయదగినదేమి? పరవాడలోని కంపెనీ నిబంధనను గ్రామము మార్చలేదు, ఢిల్లీలోని చట్టమును మార్చలేదు. కాని బెల్లపు బజారు వాకిలి మాటతో తెరచుకొనునది. ఆ మాట ఊరి చేతిలో నున్నది. ఒక్కడు పూచీ పడుటకు జంకిన చోట నలుగురు కలసి పూచీ పడవచ్చును. పంచాయతీ పెద్ద ఒకరు, ఉపాధ్యాయుడొకరు, పూర్వము అతని తండ్రితో కలసి పని చేసిన కళాసీ మేస్త్రీ ఒకరు కలసి పోయి, "ఆరు నెలలు చూడుడు, పనికి తగిన కూలి ఇయ్యుడు, తేడా వచ్చినచో మాకు చెప్పుడు" అనినచో వినని వర్తకుడు ఉండవచ్చును, వినువాడును ఉండును. కూలి మాటను విడువరాదు. సగము కూలికి ఒప్పించు పూచీ స్టువర్టుపురపు పాత దారియే.

గ్రంథాలయముల వంతు వేరొకటి కలదు. నమూనా పత్రములు నింపుట జరుగునది ఇచ్చటి పత్రికల బల్లమీదనే గనుక, 1958 చట్టములోని 12వ సెక్షనును, 2015 చట్టములోని 24వ సెక్షనును, 2016 తీర్పు సారాంశమును తేటతెలుగులో వ్రాయించి ఆ బల్ల ప్రక్కన ఉంచవచ్చును. న్యాయవాద వృత్తిలో ఉన్న పాఠకుడు నెలకొక ఆదివారము వచ్చి కూర్చున్నచో మరియు మేలు. చాలమంది కుర్రవాండ్రకు తమ కేసు ఏమైనదో సరిగా తెలియదు. కొట్టివేయబడినదా, రాజీలో ముగిసినదా, జరిమానా కట్టి ఒప్పుకొన్నదా? జరిమానా కట్టుట అనగా నేరము ఒప్పుకొనుటయే యని ఎవ్వరును వారికి చెప్పలేదు. "కేసు పోయినది" అని వకీలు గుమాస్తా చెప్పిన మాటయే వారివద్ద ఉన్నది. గడిలో అక్షరము వ్రాయుటకు ముందు తీర్పు నకలు చేతిలో ఉండవలెను. కేసు నంబరు, సంవత్సరము తెలిసినచో తీర్పు చెప్పిన న్యాయస్థానపు నకళ్ళ విభాగములో దరఖాస్తు ఇచ్చి, రుసుము కట్టి, ముద్ర గల ప్రతిని పొందవచ్చును. నంబరు తెలియనివారు ఏ పోలీసు స్టేషనులో కేసు నమోదైనదో, ఏ సంవత్సరములోనో చెప్పినను వెదకుటకు వీలు కలదు.